సున్నం నేర్పే వేడి లెక్క

రసాయన చర్యలో వేడి ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది? పిల్లలు తడబడే ఈ పాఠాన్ని ఇంట్లో దొరికే వస్తువులతో, మన మాటలతో తేలిక చేయవచ్చు.

పదో తరగతి సైన్సు జవాబు పత్రాలు దిద్దే ఉపాధ్యాయులకు ఒక జవాబు బాగా పరిచయం. 'ఉష్ణగ్రాహక చర్య అంటే ఏమిటి?' అని అడిగితే 'ఉష్ణాన్ని గ్రహించే చర్య' అని పిల్లలు సరిగ్గానే రాస్తారు. 'ఆ చర్య జరుగుతున్న గ్లాసును తాకితే ఎలా ఉంటుంది?' అని తర్వాతి ప్రశ్న వేస్తే మాత్రం చాలామంది 'వేడిగా ఉంటుంది' అంటారు. ఉష్ణాన్ని గ్రహించింది కదా, మరి వేడెక్కాలి కదా అన్నది వాళ్ళ ఆలోచన. నిజానికి ఆ గ్లాసు చల్లగా ఉంటుంది. ఎవరు గ్రహించారు, ఎవరి దగ్గర నుంచి గ్రహించారు అన్న సంగతి తేలకపోవడమే ఇక్కడ చిక్కు.

ఇది రెండు మార్కులతో పోయే విషయం కాదు. హోసూరు, బళ్ళారి, సోలాపూర్, బ్రహ్మపుర, యానాం, ఎక్కడైనా సరే తెలుగు మాధ్యమంలో చదివిన మన పిల్లల్లో ఎక్కువమంది పది దాటగానే ఇంగ్లిషు మాధ్యమంలోకి వెళతారు. అక్కడ మొదటి సంవత్సరంలోనే ఎంథాల్పీ అనే పెద్ద పాఠం ఎదురవుతుంది. పాఠం కొత్తది, భాష కొత్తది, పైగా ప్రతి అంకె ముందూ ఒక ప్లస్సో మైనస్సో ఉంటుంది. పదిలో పునాది గట్టిగా పడితే అక్కడ మారేది పేర్లే. పునాది లేకపోతే బట్టీ తప్ప దారి ఉండదు.

రెండు ఖాతాలు

తరగతిలో మేము నల్లబల్ల మీద నిలువుగా ఒక గీత గీస్తాం. ఎడమవైపు 'చర్య' అని, కుడివైపు 'పరిసరాలు' అని రాస్తాం. చర్య అంటే ఒకటిగా కలిసి కొత్త పదార్థంగా మారుతున్న అణువులు. పరిసరాలు అంటే ఆ అణువుల చుట్టూ ఉన్న మిగతావన్నీ. అవి కరిగి ఉన్న నీళ్ళు, గ్లాసు, థర్మామీటరు, పట్టుకున్న మన చెయ్యి కూడా పరిసరాలే.

మన చెయ్యికి తెలిసేది ఎప్పుడూ కుడివైపు ఖాతాయే. చర్య వేడిని బయటికి వదిలితే ఎడమ ఖాతాలో తగ్గుతుంది, కుడి ఖాతాలో పెరుగుతుంది, గ్లాసు వేడెక్కుతుంది. ఇది ఉష్ణమోచక చర్య. చర్య వేడిని తీసుకుంటే ఎడమ ఖాతాలో పెరుగుతుంది, కుడి ఖాతాలో తగ్గుతుంది, గ్లాసు చల్లబడుతుంది. ఇది ఉష్ణగ్రాహక చర్య. 'చల్లబడింది కాబట్టి వేడి పోయింది' అని పిల్లవాడు అంటే అది తప్పు కాదు. నీళ్ళ నుంచి పోయింది. ఎక్కడికి పోయింది అని అడగండి. చర్యలోకి పోయింది అని తనే చెబుతాడు.

పై తరగతుల్లో వచ్చే మైనస్ గుర్తు కూడా ఇక్కడే తేలిపోతుంది. శాస్త్రజ్ఞులు అంకెను ఎడమవైపు ఖాతాలో, అంటే చర్య వైపు నుంచి రాస్తారు. చర్య వేడిని వదిలితే దాని ఖాతాలో తరుగు, కనుక మైనస్. తీసుకుంటే జమ, కనుక ప్లస్. గ్లాసు వేడెక్కితే మైనస్ ఎందుకని పిల్లలు అడిగే ప్రశ్నకు ఇంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదు.

ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు

ఈ రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉంటాయి కనుక పిల్లలు ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తారు. దీపావళి నాటి కాకరపువ్వొత్తిని గుర్తుచేయండి. దాని నుంచి రాలే ఒక్కో నిప్పురవ్వ ఉష్ణోగ్రత మరిగే నీళ్ళకంటే చాలా ఎక్కువ. అయినా రవ్వ చేతిమీద పడితే చురుక్కుమని ఆరిపోతుంది. మరిగే నీళ్ళు చెంబెడు పడితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. రవ్వలో పదార్థం ఇసుక రేణువంత కూడా లేదు కనుక అది మోసుకొచ్చే ఉష్ణం తక్కువ. ఉష్ణోగ్రత ఎంత వేడిగా ఉందో చెబుతుంది. ఉష్ణం ఎంత శక్తి చేతులు మారిందో చెబుతుంది. ఒక చర్య వదిలే ఉష్ణం ఎంతో తెలియాలంటే ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు మారిందో ఒక్కటే చాలదు, ఎన్ని నీళ్ళు అంత మారాయో కూడా చూడాలి. ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4.18 జౌళ్ళు కావాలి. ఈ ఒక్క అంకె గుర్తుంటే కింద వచ్చే లెక్కలన్నీ పిల్లలే చేస్తారు.

బట్టీ నుంచి గోడ దాకా

ఈ పాఠానికి సున్నాన్ని మించిన ఉదాహరణ మాకు దొరకలేదు. సంక్రాంతికి ముందు ఇంటికి సున్నం వేయడం పెద్దవాళ్ళకు బాగా తెలుసు. తాపీ పని చేసే తల్లిదండ్రులున్న బడుల్లో అయితే పాఠం సగం ఇంట్లోనే ఉన్నట్టు. మేస్త్రీ కళ్ళముందే మూడు రసాయన చర్యలు వరసగా జరుగుతాయి. ఆ వరస చూపించి పాఠం చెప్పవచ్చు.

మొదటిది బట్టీలో. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వాయువు పోయి కాల్షియం ఆక్సైడ్, అంటే పొడిసున్నం మిగులుతుంది. 100 గ్రాముల రాయి 56 గ్రాముల పొడిసున్నంగా, 44 గ్రాముల వాయువుగా విడిపోవడానికి సుమారు 178 కిలోజౌళ్ళ ఉష్ణం చర్యలోకి వెళ్ళాలి. రాయిని 900 డిగ్రీలకు తేవడానికి అయ్యే వేడి దీనికి అదనం. అది రాయి చల్లారేటప్పుడు తిరిగి బయటికి పోతుంది. ఈ 178 మాత్రం పోదు, పొడిసున్నంలోనూ వాయువులోనూ దాగి ఉంటుంది. బొగ్గు వేసేకొద్దీ బట్టీ తింటూనే ఉంటుందని పెద్దలు అనడంలో నిజముంది. ఇది ఉష్ణగ్రాహక చర్య.

రెండోది నీళ్ళు కలిపినప్పుడు. ఆ 56 గ్రాముల పొడిసున్నం 18 గ్రాముల నీటితో కలిసి 74 గ్రాముల తడిసున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. అప్పుడు సుమారు 65 కిలోజౌళ్ళ ఉష్ణం బయటికి వస్తుంది. ఒక లీటరు నీటిని పదిహేను డిగ్రీల పైన వేడెక్కించడానికి అది చాలు. నీళ్ళు తక్కువైతే అవే మరిగిపోతాయి. సున్నం తొట్టిలో బుసబుసమని పొంగి ఉడకడం అందుకే. కింద పొయ్యి లేదు, మంట లేదు. ఆ వేడి బట్టీలో పెట్టిన వేడే. ఇది ఉష్ణమోచక చర్య.

మూడోది గోడమీద. వేసిన తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా తీసుకుని మళ్ళీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. సున్నం వేసిన గోడ రెండు మూడు రోజులకు తెల్లగా తేరుకోవడానికి కారణం ఇదే. ఇక్కడ కూడా ఉష్ణం బయటికి వస్తుంది, సుమారు 113 కిలోజౌళ్ళు. మరి గోడ వేడెక్కదేం అని పిల్లలు అడగాలి. అడగకపోతే మనమే అడగాలి. చర్య రోజుల తరబడి కొద్దికొద్దిగా జరుగుతుంది కనుక వచ్చిన వేడి వచ్చినట్టే గాలిలో కలిసిపోతుంది. ఉష్ణం విడుదలైంది, ఉష్ణోగ్రత మాత్రం పెరగలేదు. ఇనుము తుప్పు పట్టడం కూడా ఇలాంటిదే. చేతికి వేడి తగలనంత మాత్రాన అది ఉష్ణమోచక చర్య కాకుండా పోదు.

ఇప్పుడు లెక్క చూడండి. బట్టీలో పెట్టింది 178. నీళ్ళు పోసినప్పుడు తిరిగి వచ్చింది 65. గోడమీద తిరిగి వచ్చింది 113. రెండూ కలిపితే 178. సున్నపురాయిగా మొదలై సున్నపురాయిగానే ముగిసింది కనుక ఇచ్చిందంతా తిరిగి వచ్చేసింది. బరువు లెక్క కూడా ఇలాగే సరిపోతుంది. ఏ దారిలో వెళ్ళినా, ఎన్ని మెట్లలో వెళ్ళినా, మొదలూ చివరా ఒకటే అయితే మొత్తం ఉష్ణం మారదని 1840లో జెర్మెయిన్ హెస్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. ఆయన జెనీవాలో పుట్టి రష్యాలో పనిచేశాడు. ఇంటర్‌లో, ప్లస్ టూలో, పీయూసీలో 'హెస్ నియమం' అని పిల్లలు భయపడే పాఠం ఇదే. మన గోడమీద సున్నం ఆ నియమాన్నే పాటిస్తోంది.

సిమెంటు కూడా నీటితో కలిసి గట్టిపడేటప్పుడు వేడిని వదులుతుంది. ఇంటి గోడలో అది పెద్దగా తెలియదు. భారీ ఆనకట్టలో ఆ వేడి లోపలే చిక్కుకుంటే కాంక్రీటు పగుళ్ళిస్తుంది. అమెరికాలో 1930లలో కట్టిన హూవర్ ఆనకట్టలో కాంక్రీటు మధ్య గొట్టాలు వేసి, వాటిలో చల్లని నీళ్ళు పారించి ఆ వేడిని బయటికి తీశారు.

ఆ శక్తి అణువుల్లో ఎక్కడుంది?

'బంధాలు తెగితే శక్తి విడుదలవుతుంది' అనేది ఇంకో పాత పొరపాటు. పై తరగతుల దాకా పిల్లల్ని వెంటాడుతుంది. నిజం దీనికి తలకిందులు. పరమాణువుల మధ్య బంధం తెంచాలంటే శక్తి ఖర్చవుతుంది. కొత్త బంధం ఏర్పడితే శక్తి వస్తుంది. ప్రతి చర్యలోనూ ఈ రెండూ జరుగుతాయి. ఖర్చు ఎక్కువా, రాబడి ఎక్కువా అన్నదాన్ని బట్టి అది గ్రాహకమో మోచకమో తేలుతుంది.

హైడ్రోజన్ మండి నీరు కావడాన్ని తీసుకోండి. రెండు మోల్‌ల హైడ్రోజన్‌లో బంధాలు తెంచడానికి ఒక్కోదానికి 436 చొప్పున 872 కిలోజౌళ్ళు, ఒక మోల్ ఆక్సిజన్‌లో బంధాలు తెంచడానికి 498 కిలోజౌళ్ళు, మొత్తం ఖర్చు 1370. రెండు మోల్‌ల నీటి ఆవిరిలో ఆక్సిజన్ హైడ్రోజన్ బంధాలు నాలుగు మోల్‌లు ఏర్పడతాయి. ఒక్కో మోల్‌కు 463 చొప్పున రాబడి 1852. రాబడిలో ఖర్చు తీసేస్తే మిగులు 482 కిలోజౌళ్ళు. మంటలో మనకు తగిలే వేడి ఆ మిగులే. అంకెలు పుస్తకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

మిగులు అంత ఉన్నప్పుడు హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి ఉంచగానే ఎందుకు మండవు? ముందు ఖర్చు పెట్టాలి కదా. ఒక నిప్పురవ్వ మొదటి కొన్ని బంధాలను తెంచితే, వాటి మిగులుతో పక్కవి తెగుతాయి, వాటి మిగులుతో ఆ పక్కవి. ఈ మొదటి పెట్టుబడిని ఉత్తేజన శక్తి అంటాం. అగ్గిపుల్లను పెట్టె మీద గీయడం ఆ పెట్టుబడే.

చల్లబరిచే చర్యలు

కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు పేరుతో దొరికే సిట్రిక్ ఆమ్లం, వంటసోడా, ఈ రెండూ చాలు. నీటిలో నిమ్మ ఉప్పు కరిగించి కాసేపు ఆగి, వంటసోడా కొద్దికొద్దిగా వేస్తే నురగ పొంగుతూ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గ్లాసు మాత్రం చేతికి చల్లగా తగులుతుంది. నురగ పొంగుతోంది కాబట్టి వేడెక్కి ఉంటుందని పిల్లలు ముందే అనుకుంటారు. అన్నం గిన్నె పొంగడం చూసిన కళ్ళు కదా. తాకించి చూపడమే దీనికి మందు.

గ్లూకోజు పొడి నాలుకమీద చల్లగా అనిపించడం, యూరియాను నీళ్ళలో కరిగిస్తే బకెట్టు చల్లబడటం కూడా పిల్లలకు తెలిసినవే. ఇవి కరగడం మాత్రమే, కొత్త పదార్థం పుట్టలేదు. కనుక వీటిని రసాయన చర్యలుగా రాయకూడదు. వేడిని తీసుకోవడం అన్న పోలిక వరకు చెప్పవచ్చు.

కిరణజన్య సంయోగక్రియ కూడా శక్తిని తీసుకునే చర్యే. ఆకు ఆ శక్తిని వెలుగు రూపంలో తీసుకుంటుంది. ఆ శక్తే అన్నంలో పిండిపదార్థంగా చేరి, మన ఒంట్లో శ్వాసక్రియతో తిరిగి బయటికి వస్తుంది. ఒళ్ళు వెచ్చగా ఉండటానికి కారణం అదే. బట్టీ, సున్నం తొట్టి చెప్పిన లెక్కే ఆకు, అన్నం కూడా చెబుతాయి.

పొరుగు భాషలో ఇదే మాట

రెండు మూడు భాషల మధ్య పెరిగే మన పిల్లలకు ఇక్కడ ఒక మేలుంది. తెలుగులో మోచకం అంటే విడిపించేది, వదిలేది. శాపవిమోచనం, ఋణవిమోచనం అనే మాటలు విన్నవాళ్ళే. గ్రాహకం అంటే తీసుకునేది. మహారాష్ట్రలో మరాఠీ పుస్తకాల్లో వీటిని ఉష్మాదాయీ, ఉష్మాగ్రాహీ అంటారు, ఇచ్చేది, పుచ్చుకునేది అని. కర్ణాటకలో కన్నడ పుస్తకాల్లో బహిరుష్ణక, అంతరుష్ణక అంటారు, వేడి బయటికి, వేడి లోపలికి అని. తమిళనాడులో వెప్ప ఉమిళ్ వినై, వెప్ప కొళ్ వినై అంటారు. ఉమిళ్ అనేది మన ఉమియడానికి, కొళ్ అనేది మన కొనడానికి చుట్టాలే.

ఇంగ్లిషులోని ఎక్సోథర్మిక్, ఎండోథర్మిక్ అనే మాటలు కూడా ఇలాంటివే. గ్రీకులో ఎక్సో అంటే బయట, ఎండో అంటే లోపల, థర్మ్ అంటే వేడి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మార్సెలిన్ బెర్తెలో ఈ మాటలను కల్పించాడు. పిల్లల నోట్సులో చివరి పేజీలో మూడు గడులు గీయించండి. ఒకదానిలో తెలుగు మాట, ఒకదానిలో తమ రాష్ట్ర భాషలోని మాట, మూడోదానిలో ఇంగ్లిషు మాట తెలుగు అర్థంతో సహా. ఒడిశాలోని మిత్రులు ఒడియా పుస్తకంలోని మాటను చేర్చుకోవచ్చు. మాధ్యమం మారిన రోజున ఆ పేజీ అక్కరకొస్తుంది.

బడిలో చేసి చూపాలంటే

ప్రయోగశాల లేని బడిలో కూడా ఇది సాధ్యమే. ఒకదానిలో ఒకటి పెట్టిన రెండు కాగితపు కప్పులు, ప్రయోగశాల థర్మామీటరు, తూచడానికి చిన్న త్రాసు ఉంటే చాలు. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు, ఇంత వేడికి అది పగిలిపోవచ్చు. కప్పులో 100 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని ఉష్ణోగ్రత రాయించాలి. ఉపాధ్యాయుడే 10 గ్రాముల పొడిసున్నాన్ని చిటికెడు చిటికెడుగా వేసి పుల్లతో కలపాలి. సున్నం స్వచ్ఛమైనదైతే, వేడి ఏమాత్రం బయటికి పోకపోతే, ఉష్ణోగ్రత దాదాపు 28 డిగ్రీలు పెరగాలని లెక్క చెబుతుంది. అంత పెరగదు. ఎందుకు పెరగలేదో పిల్లల్నే చెప్పమనాలి. కప్పు, గాలి కొంత వేడిని తీసుకున్నాయని, సున్నంలో మట్టి ఉందని వాళ్ళే పట్టుకుంటారు. ఆ చర్చే అసలు పాఠం.

వేడి బొత్తిగా రాకపోతే సున్నాన్ని అనుమానించాలి. సంచుల్లో వచ్చే మెత్తని సున్నపు పొడి చాలావరకు ముందే నీళ్ళు కలిపి తయారుచేసినది. తాంబూలంలోకి వాడే సున్నమూ అంతే. గాలి తగిలేలా చాలాకాలం నిల్వ ఉన్న గడ్డలు తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని తమ వేడిని ఎప్పుడో వదిలేసి ఉంటాయి. కొత్తగా కాల్చిన గడ్డలు తెచ్చి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి.

జాగ్రత్తలు చెప్పకుండా ఈ ప్రయోగం చేయకూడదు. సున్నాన్ని పిల్లల చేతికి ఇవ్వకూడదు. సున్నం మీద నీళ్ళు పోయకూడదు, నీళ్ళలోనే సున్నం కొద్దికొద్దిగా వేయాలి. మూత బిగించిన సీసాలో ఎన్నడూ చేయకూడదు. పిల్లలు రెండు గజాల దూరంలో కూర్చోవాలి, చేసేవారు కళ్ళద్దాలు పెట్టుకోవాలి. సున్నం కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. తాంబూలపు సున్నంతో కూడా ఆ ప్రమాదం ఉంది. పడితే వెంటనే కనురెప్పలు తెరిచి పట్టి, మంచినీళ్ళతో కనీసం పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి తీసుకెళ్ళాలి.

తల్లిదండ్రులు ఇంట్లో సున్నం జోలికి పోనక్కర్లేదు. నిమ్మ ఉప్పు, వంటసోడా గ్లాసు చాలు. నురగ వస్తున్నప్పుడు గ్లాసును పిల్లవాడి చేత పట్టించి మూడు ప్రశ్నలు వేయండి. నీళ్ళ వేడి ఎటు పోయింది? చర్య ఖాతాలో అది జమా, తరుగా? దీన్ని తెలుగులో ఏమంటారు, మీ ఊరి భాషలో ఏమంటారు? మూడింటికీ తడుముకోకుండా జవాబొస్తే, పైయేడు ఎంథాల్పీ పాఠం ఏ భాషలో వచ్చినా మీ పిల్లవాడు దాన్ని అందుకుంటాడు.